జనవరి ఎండకు తెర

జనవరి 8

నెవ్యానా చేతులు ముసలివైపోయాయి. విచారంతో రాయడం లేదు. రిటైరైన ఇంజనీరుగా ఒక పరిశీలనను నమోదు చేస్తున్నాను, అంతే.

నిన్న సాయంత్రం ఎప్పటిలాగే ఎదుటి భవనం మూడో అంతస్తులో తన వంటింటి దీపాన్ని ఆర్పి వెలిగించింది. నేనూ నా దీపాన్ని ఆర్పి వెలిగించాను. ఒకరినొకరు పిలుచుకోవడానికి చెవులవాళ్ళు గొంతు చించుకునే పద్ధతితో పోలిస్తే ఇది ఎంతో మర్యాదైనది. కుట్టు ఫ్యాక్టరీ సహకార సంఘం ఈ రెండు భవనాలనూ ఎదురెదురుగా కట్టించిన రోజుల్లో వీటిలో ఉన్నవాళ్ళమంతా చెవిటివాళ్ళమే. మధ్యలో ఆవరణ, అందులో ఒక చెర్రీ చెట్టు. ఈ వంటింటి నుంచి ఆ వంటింటికి మా చేతిమాట అద్దంలోంచి, వానలోంచి, మూసిన కిటికీలోంచి హాయిగా సాగిపోతుంది. ఈపాటి సౌకర్యం కోసం చెవులవాళ్ళు టెలిఫోను కనిపెట్టవలసి వచ్చింది, పాపం.

అయితే నిన్న నెవ్యానా మాట ముద్దముద్దగా వచ్చింది. వేళ్ళు ఎక్కడ ముగుస్తున్నాయో, ఆ దిక్కుమాలిన పూలగౌను ఎక్కడ మొదలవుతోందో తెలియలేదు. ఆ గౌను మీద ఉన్నన్ని గులాబీలు బల్గేరియా మొత్తంలో పూయవు.

"కొంచెం స్పష్టంగా మాట్లాడవే, పిండి పిసుకుతున్నట్టుంది," అన్నాను.

ఏదో అంది. తిట్టే అయి ఉంటుంది. తిట్టును కూడా తీరుగా తిట్టలేని స్థితికి వచ్చిందన్నమాట.

జనవరి 12

డాన్యూబ్ పొగమంచు ఈ ఏడు బరితెగించింది. మొదట రేవును మింగింది, తరువాత వీధిని. ఇప్పుడు నా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. దానికి టీ ఇవ్వలేదు.

జనవరి 17

క్లబ్బులో పేకాట. గుమ్మం మీద "బధిరుల సాంస్కృతిక కేంద్రం" అని రాసి ఉంటుంది. లోపల ఉండేది చెవిటివాళ్ళం. సంస్కృతి విషయంలో నేను హామీ ఉండలేను.

అధ్యక్షుడు అస్పరూఖ్ పొదుపు పేరు చెప్పి దీపాలన్నీ మార్చి గుడ్డివి పెట్టించాడు. చెవులవాళ్ళ క్లబ్బులో వెలుతురు తగ్గితే అది శృంగారం. చెవిటివాళ్ళ క్లబ్బులో వెలుతురు తగ్గితే అది నోటికి గుడ్డ కుక్కడం. ఆ మాటే చెప్పాను. "పాత దీపాలే కదండీ ఇంజనీరమ్మ గారూ, మార్చలేదే!" అని బుకాయించాడు.

ఆట మధ్యలో నెవ్యానా బల్ల గుద్దింది.

"ఆఠీన్ అడిగితే డైమన్ వేస్తావేమే?"

"నేను వేసింది ఆఠీనే."

"అది డైమన్!"

"నలభై ఏళ్ళుగా నీతో ఆడుతున్నాను. ఓడిపోయే ప్రతిసారీ నీకు ఏదో ఒక రోగం."

"ఏమే, నేను నీ జతలో ఆడుతున్నాను! నువ్వు ఓడితే నేనూ ఓడతాను! బుర్ర పనిచేస్తోందా?"

అందరూ బల్ల మీద ముక్కవైపు చూశారు. ఆ తరువాత నావైపు చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు. నేను కళ్ళు మూసుకున్నాను.

తగవులో చెవులవాళ్ళు తలుపును ధడాలున వేస్తారట. మేము కళ్ళు మూసుకుంటాము. అంతకు మించిన అవమానం మాలో లేదు: ఎదుటి మనిషి నోరు కోసి పక్కన పెట్టడమే. బడిలో పిల్లలం చేసేవాళ్ళం. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఎవరూ చేయరు. కోటు తీసుకుని, గోడ పట్టుకుని బయటికి వచ్చేశాను. మెట్ల దగ్గర కూడా గుడ్డి దీపమే.

జనవరి 19

వంటింటి కిటికీకి తెర కొన్నాను. ముదురు నీలం, మందపాటి గుడ్డ. ఆవరణవైపు కిటికీలకు ఈ రెండు భవనాల్లోనూ ఎవరికీ తెర లేదు. ఉంటే మాట ఎలా వెళుతుంది? నాకు మాత్రం ఎండ ఎక్కువగా పడుతోంది.

జనవరి 20

ఎండ లేదు. ముందుజాగ్రత్త మంచిదే.

జనవరి 25

సాయంత్రం తెర అంచు వెంట వెలుగు ఆరి, వెలిగి, ఆరి, వెలిగింది. నెవ్యానా పిలుపు.

తెర తీయలేదు. క్షమాపణ చెప్పదలచుకుంటే మెట్లెక్కి రావచ్చు.

ఫిబ్రవరి 3

పెరుగు, రొట్టె. నిద్ర. పెరుగు.

ఈ కాలపు కలాలు సన్నగా, పిరికిగా రాస్తున్నాయి. అట్టపెట్టెల మీద రాసే లావుపాటి కలం తెచ్చుకున్నాను. పేజీకి నాలుగు వాక్యాలే పడుతున్నాయి. ఆ మాటకొస్తే చాలామంది రచయితలకు ఇది అవసరం.

నెవ్యానా వచ్చి తలుపు బొత్తాం నొక్కింది. గదిలో గంటకు బదులు ఉండే దీపం వెలిగి ఆరింది, వెలిగి ఆరింది. నేను నిద్రపోతున్నాను. అంటే, నిద్రపోతున్న మనిషి ఎలా కదలకుండా ఉంటుందో అలా ఉన్నాను.

ఫిబ్రవరి 6

ఎందుకో మెతోది గుర్తుకు వచ్చాడు. చెవిటివాడు, ఆపైన కళ్ళు పోయాయి. క్లబ్బులో మూల కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. కనపడనివాడితో చేతిమాట ఎలా మాట్లాడాలో ఎవరికీ తెలియదు. అందరూ భుజం తట్టి పేకాటకు వెళ్ళిపోయేవారు. భుజం తట్టడంలో ఎంత దయ ఉండేదో! ఒక చలికాలం ఆ కుర్చీ ఖాళీ అయింది.

ఎందుకు గుర్తుకు వచ్చాడో తెలియదు.

ఫిబ్రవరి 9

వీధివైపు బాల్కనీలో చాలాసేపు నిలబడ్డాను. గాలి కోసం.

ఫిబ్రవరి 13

చెల్లెలి కూతురు గలేనా వచ్చి, "పెద్దమ్మా, అస్థిపంజరంలా అయ్యావు," అని డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. గలేనాకు చెవులున్నాయి, చేతిమాట వంటింటి వరకు వచ్చు. ఉప్పు, పప్పు, చలి, నిద్ర.

డాక్టరు గలేనాను చూస్తూ సుదీర్ఘంగా ఉపన్యసించాడు. చేతులూపాడు, నిట్టూర్చాడు, ఒక చోట నవ్వాడు కూడా. పూర్తయ్యాక గలేనా నావైపు తిరిగింది.

"వయసు. మాత్ర."

"అంతసేపు మాట్లాడాడు కదే?"

"తర్వాత చెప్తాలే పెద్దమ్మా."

ఈ 'తర్వాత' కోసం నేను పుట్టినప్పటి నుంచి ఎదురు చూస్తున్నాను. నా శ్రాద్ధం నాడు చెబుతారు కాబోలు.

అప్పుడు డాక్టరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి నా ముక్కు ముందు పెట్టాడు: 'మీకు ఎవరివైనా గొంతులు వినిపిస్తున్నాయా?'

"వినిపిస్తే మొదట నీకే మిఠాయి పంచుతానని చెప్పు," అన్నాను.

గలేనా ఎర్రబడి, అతనితో ఒక్క మాట అంది. 'లేదు' అనే అయి ఉంటుంది. జోకు దారిలోనే చచ్చిపోయింది.

చెప్పదలచుకున్నది ఇంకొకటి ఉంది. కానీ అది గలేనా చేతుల్లోంచి పోవాలి. ఆ పిల్ల ముక్కు తుడిచినదాన్ని. ఉప్పు, పప్పు, చలి, నిద్ర: ఈ నాలుగింటిలో అది దేనికిందికీ రాదు.

ఫిబ్రవరి 14

మాత్రలు జెరేనియం కుండీలో వేశాను. జెరేనియం ఎంతో ఉల్లాసంగా ఉంది.

ఫిబ్రవరి 22

బాల్కనీ. గాలి కోసం.

మార్చి 1

తలుపు పిడికి ఎర్రదారం, తెల్లదారం కలిపి పేనిన తోరం కట్టి ఉంది. ఆ ముడి చూస్తే, అంటే తడిమితే, నెవ్యానాదేనని తెలుస్తుంది. ఫ్యాక్టరీలో జీవితమంతా ఆ ముడే వేసింది. మార్చి మొదటి రోజున మణికట్టుకు కట్టుకుని, తొలి కొంగనో పూచిన చెట్టునో చూసేదాకా తీయకూడదు. తీసి ఆ చెట్టుకే కట్టాలి. ఇంజనీరింగ్ చదివినదాన్ని, నాకు ఇలాంటివాటిలో నమ్మకం లేదు.

కట్టుకున్నాను. దారం ఏ పాపమూ చేయలేదు.

మార్చి 8

మహిళా దినోత్సవం. అస్పరూఖ్ స్వయంగా వచ్చి, తలుపు తీసేదాకా బొత్తాం మీద నుంచి వేలు తీయలేదు. గది మెరుపులు మెరిసింది.

"ఇంజనీరమ్మ గారూ, మీరు రాకపోతే ముందు వరస బోసిపోతుందండీ. కార్నేషన్ పువ్వు కూడా ఇస్తున్నాం."

"నా సమాధి మీదికి దాచి ఉంచు."

"దానికి వేరే బడ్జెట్ ఉందండీ."

ఆ జవాబు మెచ్చుకోదగినది కనుక వెళ్ళాను. ముందు వరసలోనే కూర్చున్నాను. నెవ్యానా వెనక ఎక్కడో ఉండి ఉంటుంది. తిరిగి చూడలేదు.

సోఫియా నుంచి రాలిత్సా అనే మనస్తత్వ నిపుణురాలు వచ్చింది. తల్లిదండ్రులిద్దరూ చెవిటివాళ్ళట; తనకు మాత్రం చెవులు పనిచేస్తాయి. ఎంత మంచి కుటుంబంలోనైనా ఒకరు అలా పుడతారు. నల్లచొక్కా వేసుకుంది. ఆమె మాట నాకు బాగా అర్థమైంది. కనుక లోపం అందరి చేతుల్లోనూ లేదు, కొందరి చేతుల్లోనే ఉంది.

"చెవిటితనం మనసుకు జబ్బు కాదు," అంది రాలిత్సా. "మన మాట అర్థమయ్యే మనిషి పక్కన లేకపోవడం ఉంది చూశారూ, అదీ మనిషిని తినేది."

"మా ఆవిడ మాట నాకు బాగా అర్థమవుతుంది, అయినా నన్నే తింటోంది," అని ఎవరో అన్నారట. బల్లలు అదిరాయి, కాళ్ళకింద నేల నవ్వింది.

"సరే," అంది ఆమె, నవ్వు సద్దుమణిగాక. "డాక్టరు దగ్గరికి కొడుకునో కూతుర్నో వెంటబెట్టుకెళ్ళి, అసలు సంగతి చెప్పకుండా తిరిగొచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి."

హాలంతా చేతులే లేచినట్టున్నాయి. నేను ఎత్తలేదు. నేను తీసుకుని వెళ్ళింది చెల్లెలి కూతుర్ని. ప్రశ్నలో స్పష్టత లేదు.

ఆ తరువాత నా దగ్గరికి వచ్చి వంగింది.

"బామ్మగారూ..."

"నేను ఎవరికీ బామ్మను కాను."

"తప్పయింది, ఇంజనీరు గారూ. వచ్చే నెల నుంచి గురువారాలు ఇక్కడే ఉంటాను. తలుపు వేసుకుని మనిద్దరమే మాట్లాడుకోవచ్చు. మీ మాట ఇంకెవరి చేతుల్లోంచీ పోనక్కర్లేదు."

"నీ చేతిమాటలో సోఫియా యాస ఉంది. చూడలేకపోయాను."

"అయితే వచ్చి దిద్దండి."

పొగరుబోతు. కార్నేషన్ మాత్రం తెచ్చుకున్నాను.

మార్చి 27

ఇంకా పొగమంచే. వార్తల్లో చెప్పడం లేదట. వాళ్ళకేం తెలుసు?

ఏప్రిల్ 5

ఎవరో ఆవరణలో తెల్లదుప్పట్లు ఆరవేశారు. తెర సందులోంచి చూశాను. కిందంతా తెల్లగా వేలాడుతోంది. ఇటీవల అద్దెకు వచ్చిన చెవులవాళ్ళ పనే అయి ఉంటుంది.

ఏప్రిల్ 9

దుప్పట్లు ఇంకా తీయలేదు. ఈ దేశంలో క్రమశిక్షణ సాంతం చచ్చింది.

బాల్కనీ. ఇవాళ గాలి లేదు.

ఏప్రిల్ 11

నెవ్యానా దీపం ఆరలేదు, వెలగలేదు.

ఏప్రిల్ 12

చెత్త పారవేయడానికి కిందికి వెళ్ళాను. సంచిలో ఒక పెరుగు డబ్బా ఉంది. అంటే నిండినట్టే.

జనవరి నుంచి ప్రతి సాయంత్రం తెర అంచున వెలుగు ఆరి వెలిగేది. నేను ప్రతి సాయంత్రం తెర తీయకుండా కుర్చీలో కూర్చునేదాన్ని. చాలా తృప్తికరమైన ఏర్పాటు. నిన్న ఆ వెలుగు రాలేదు. మనిషి ఉందో లేదో తెలుసుకోవడం పొరుగువాళ్ళ కనీస బాధ్యత. అంతకు మించి ఏమీ లేదు. ఆ దిక్కుమాలిన దుప్పట్లకింద నిలబడి పైకి చూశాను. మూడో అంతస్తు ఎక్కడ ఉండాలో అక్కడ బూడిదరంగు ఉంది.

ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. గులాబీల గౌను. నెవ్యానా ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా వచ్చింది.

"బతికే ఉన్నావా ముసలి గాడిదా? నీకు ఆర్పీ వెలిగించీ నా స్విచ్చి ఊడి చేతికొచ్చింది! కొత్తది కొనుక్కొస్తున్నాను, ఇదిగో!"

స్విచ్చి. నిన్న రాత్రి నేను నెవ్యానాకు దహనమా ఖననమా అన్న దాకా వెళ్ళాను, విరిగింది స్విచ్చి.

"వద్దన్నాక కూడా పిలుస్తూ ఉండడం సంస్కారం కాదు," అన్నాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఎర్రదారం, తెల్లదారం.

"ఇది ఇంకా తీయలేదేమే?"

"కొంగ కనిపించలేదు. చెట్టూ పూయలేదు. ఈ ఏడు వసంతం ఆలస్యం."

నెవ్యానా చేతులు గాలిలో ఆగిపోయాయి. నలభై ఏళ్ళలో ఆ చేతులు మాట మధ్యలో ఆగడం నేను చూడలేదు. వాటిని ఆపడానికి భర్త, ఫ్యాక్టరీ, ప్రభుత్వం అందరూ ప్రయత్నించారు. ఆ తరువాత నా చేతిని మెల్లగా పైకెత్తి ఆ దుప్పట్లలో పెట్టింది.

చల్లగా తగిలింది. తడిగా తగిలింది. పిడికిలి మూస్తే దుప్పటి వేళ్ళ మధ్య రేకులు రేకులుగా విడిపోయింది.

చెర్రీ చెట్టు. నిండా పూచింది. నేను దానికింద నిలబడి వసంతం ఆలస్యమైందని ఫిర్యాదు చేస్తున్నాను.

ఇక రాస్తాను, లావుకలంతోనే. దేనిని చూసినా సరిగ్గా దాని మధ్యలో ఒక బూడిదరంగు మచ్చ ఉంటుంది. పోయిన ఆకురాలు కాలం నుంచి ఉంది. అంచులు కనబడతాయి. నెవ్యానాను సూటిగా చూస్తే గౌను, చెవులు, జుట్టు ఉంటాయి. మధ్యలో మనిషి ఉండదు. నది నుంచి ఏ పొగమంచూ రాలేదు. ఆఠీన్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

నెవ్యానా తన రెండు చేతులనూ నా రెండు చేతుల్లో పెట్టింది. మాట్లాడడం మొదలుపెట్టింది. నా అరచేతుల్లోపల ఆమె వేళ్ళు లేచాయి, తిరిగాయి, గుచ్చాయి. ఎవరూ మాకు నేర్పలేదు. తడబడ్డాము, ఒకే మాటను మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నాము. మొదట అర్థమైనది ఇది:

"పేకముక్కల్లో ఎరుపు రెండు రకాలు, గుడ్డికోడీ."

మెతోదితో ఎవరూ ఇలా పోట్లాడలేదు.

అక్కడే, చెట్టుకింద నిలబడి, నేను ముక్కు చీదుకున్నాను. పుప్పొడి పడదు నాకు.

ఏప్రిల్ 17, గురువారం

మధ్యాహ్నం కళ్ళ డాక్టరు. ఈసారి గలేనా బయట కూర్చుంది. లోపలికి బధిరుల సంఘం పంపిన చేతిమాట అనువాదకురాలు వచ్చింది. డాక్టరు ఎంతసేపు మాట్లాడాడో ఆమె చేతులూ అంతసేపు మాట్లాడాయి. నా జీవితంలో ఒక డాక్టరు ఎంత విసుగు పుట్టిస్తాడో పూర్తిగా తెలుసుకోవడం ఇదే ప్రథమం. పోయినది తిరిగి రాదట. ఉన్నదాన్ని నిలుపుకోవడానికి ప్రయత్నించవచ్చునట. బయటికి వచ్చాక గలేనాకు నేనే చెప్పాను: "తర్వాత చెప్తాలే." చాలా ఆనందించాను. తరువాత చెప్పాను కూడా.

సాయంత్రం రాలిత్సా. తలుపు వేసింది, దీపాన్ని తనవైపు తిప్పుకుంది, తన చేతులను నేను పట్టుకునేంత దగ్గరగా కుర్చీ జరుపుకుంది. యాస గురించి మొదలుపెట్టాను. విన్నది. ఆ తరువాత అడిగింది.

చెవులవాళ్ళు ఈ ప్రశ్నను అడగడానికి సవాలక్ష ముసుగులు వేస్తారు. చేతిమాటలో ముసుగు లేదు: ఎడమ అరచేతి అంచున రెండు వేళ్ళు మనిషిలా నిలబడతాయి. ఆ తరువాత అక్కడ నిలబడవు. కనుబొమలు పైకి లేస్తాయి: మీకు అనిపించిందా?

"గాలి కోసం నిలబడేదాన్ని," అన్నాను.

ఆమె ఎదురు చూసింది. గడియారం చూడలేదు, భుజం తట్టలేదు.

"ఎప్పుడూ గాలి కోసం కాదు," అన్నాను.

ఆ మాట ఇంకెవరి చేతుల్లోంచీ పోలేదు. నా చేతుల్లోంచి వెళ్ళి ఆమె కళ్ళలో ఆగింది. అక్కడే ఉంచుకుంది. ఏడవలేదు, కంగారుపడలేదు, ఆ ఆలోచన వచ్చినప్పుడు మొదట ఎవరి తలుపు బొత్తాం నొక్కుతారని అడిగింది. నెవ్యానా పేరు చెప్పాను. ఆ పేరుకు మా చేతిమాటలో సైగ ఏమిటో చూపించాను: సూదిలో దారం ఎక్కించడం.

వచ్చే గురువారం కూడా వెళ్ళాలి. ఆమె యాస దిద్దడానికి చాలా నెలలు పట్టేట్టుంది.

ఏప్రిల్ 19

తెర పీకేశాను. మడిచి నెవ్యానా బల్ల మీద పెట్టాను.

"దీనితో గౌను కుట్టుకో. పొడుగు చేతులు, మెడదాకా. ఒక్క పువ్వు కూడా ఉండకూడదు."

"ఎవరు పోయారని?"

"నీ గులాబీలు పోయాయి. వాటి మీద నీ చేతులు నాకు కనబడవు. ముదురుగుడ్డ మీద కనబడతాయి."

"అంటే నన్ను సాయం అడుగుతున్నావా?" నా అరచేతిలో ఆమె వేళ్ళు వెటకారంగా తిరిగాయి. "ఒక్కసారి అడుగు చూద్దాం. ఇంజనీరు గారు అడగడం నేను చచ్చేలోపు చూడాలి."

నేను అడగలేదు. నమూనా గీసి, కొలతలు వేసి ఇచ్చాను.

చివర, కాగితం మూలన, 'దయచేసి' అని రాశాను. నమూనాల్లో అది మామూలే.

ఏప్రిల్ 26

దారాన్ని చెర్రీ కొమ్మకు కట్టాను. పూలు దాదాపు రాలిపోయాయి. చెట్టు ఏమీ అనుకోలేదు.

సాయంత్రం నెవ్యానా కొత్త స్విచ్చి నొక్కింది. ఆరి, వెలిగింది. నేనూ ఆర్పి వెలిగించి కిటికీ దగ్గర నిలబడ్డాను. రాలిత్సా చెప్పినట్టు సూటిగా కాకుండా, కొంచెం పక్కకు చూశాను.

మా కాలంలో ఇంజనీరింగ్ నమూనాలకు నకళ్ళు తీస్తే, నీలికాగితం మీద తెల్లగీతలుగా వచ్చేవి. వంతెనలు, రేవులు, కర్మాగారాలు, అన్నీ మొదట నీలం మీద తెలుపే. ఎదుటి మూడో అంతస్తులో ఒక నీలిచతురస్రం వెలిగింది, దాని మీద రెండు తెల్లగీతలు కదిలాయి.

అన్ని మాటలూ అందలేదు. తిట్లు మాత్రం అన్నీ అందాయి.

"రేపు క్లబ్బులో మళ్ళీ జతగా ఆడదామా? నువ్వు వేసే ముందు అది ఏ ముక్కో నీ చేతిలో చెప్తాను."

"అక్కర్లేదు. ఆ రోజు నేను వేసింది ఆఠీనే."

రెండు తెల్లగీతలూ ఆకాశం వైపు లేచి, అక్కడ ఎవరికో నా మీద ఫిర్యాదు చేశాయి. పై అంతస్తులో ఉండే అస్పరూఖ్ కూడా తన కిటికీలోంచి అంతా చూస్తూనే ఉండి ఉంటాడు, చూడనీ.

ఈ కిటికీకి ఇక తెర లేదు. ఎండ వస్తే రానీ.